సెట్టు పలకాలంటే కొండ తెలియాలి

ఫోన్లో సిగ్నల్ గీతలు మాయమైన చోట కూడా ఒక మాట ఇవతలి నుంచి అవతలికి చేరాలి. ఆ మాటను మోసేవి వాకీటాకీలు, వైర్‌లెస్ సెట్లు. వాటిని బతికించే పని నేర్చుకోవడానికి నెల్లూరు జిల్లా పడమటి మెట్ట కంటే మంచి బడి దొరకదు.

పొద్దున్నే పోలీస్ స్టేషన్లో అందరి కంటే ముందు పలికేది సెట్టే. టేబుల్ మీద నల్లటి పెట్టె, మెలికల వైరుకు వేలాడే మైకు, కింద బ్యాటరీ. జిల్లా కేంద్రం నుంచి ఎస్పీ ‘సెట్ కాన్ఫరెన్స్’ పెట్టారంటే ఎస్ఐ దగ్గర్నుంచి హోంగార్డు దాకా చెవులన్నీ ఆ పెట్టె వైపే. కంట్రోల్ రూమ్ ఒక్కో స్టేషన్ పేరు పిలుస్తూ పోతుంది. ఒక్కో గొంతు ‘సార్’ అని పలుకుతూ పోతుంది. మధ్యలో ఎక్కడో ఒక పేరు పిలిస్తే గరగర తప్ప ఏమీ వినపడదు. మళ్లీ పిలుస్తారు. మళ్లీ గరగరే. ‘ఆ సెట్టు పాడైంది’ అని రాసుకుని తర్వాతి పేరుకు పోతారు.

పాడైందన్న ఆ సెట్టును చూడటానికి ఒక మనిషి బయలుదేరతాడు. పని తెలిసినవాడైతే స్టేషన్‌కు చేరగానే సెట్టు మూత తీయడు. ముందు మేడ ఎక్కుతాడు. యాంటెన్నా నిటారుగా ఉందా, గాలికి ఒరిగిందా చూస్తాడు. యాంటెన్నా నుంచి దిగే కేబుల్‌ను చేత్తో తడుముతూ కిందికి వస్తాడు. ఎక్కడో జాయింటు దగ్గర చుట్టిన టేపు ఎండకు పెళుసుబారి విడిపోయి ఉంటుంది. కనెక్టర్ విప్పితే లోపల రాగి తీగకు పచ్చగా చిలుము. వానకు దిగిన నాలుగు చుక్కల నీళ్లు నెల్లూరుకు వెళ్లాల్సిన మాటను అక్కడే ఆపేశాయి. పాపం, సెట్టుకు ఏ రోగమూ లేదు.

రెండువైపులా మాట్లాడే రేడియోను బాగుచేసే పనిలో మొదటి పాఠం ఇదే. సెట్టు జబ్బు చాలాసార్లు సెట్టులో ఉండదు. బ్యాటరీలో ఉంటుంది, కేబుల్లో ఉంటుంది, ఎర్తింగ్‌లో ఉంటుంది, కొండ మీది రిపీటర్లో ఉంటుంది. అందుకే ఇది నాలుగు గోడల మధ్య బల్ల ముందు కూర్చుని చేసే పని కాదు. ఊరు తెలియాలి, వాన ఎటు నుంచి కొడుతుందో తెలియాలి, కొండ ఎక్కడ అడ్డం వస్తుందో తెలియాలి. చదువు కోసం, కొలువు కోసం బెంగళూరుకో చెన్నైకో గల్ఫ్‌కో దారి పట్టే ఉదయగిరి, ఆత్మకూరు కుర్రాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలనే ఈ కథనం. మీరు పుట్టిన నేలే మీకు సగం పని నేర్పి ఉంది.

కొండే అడ్డం, కొండే ఆధారం

మ్యాపు తెరిచి జిల్లా పడమటి అంచు చూడండి. ఉత్తరం నుంచి దక్షిణానికి గోడ కట్టినట్టు వెలిగొండలు. ఆ గోడకు ఆవల కడప, ఇవతల సీతారామపురం, ఉదయగిరి, మర్రిపాడు, అనంతసాగరం. కృష్ణపట్నం రేవు నుంచి నెల్లూరు, ఆత్మకూరు మీదుగా బద్వేలుకు పోయే 67వ నంబరు జాతీయ రహదారి ఈ కొండల్ని దాటుకునే వెళ్లాలి. పెన్న ఈ కొండల్ని చీల్చుకుని బయటికొచ్చే చోటే సోమశిల. ఉదయగిరి దుర్గం సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తు. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడికి ఏడాదిన్నర ముట్టడి వేయాల్సి వచ్చింది. 1514లో గాని కోట లొంగలేదు.

కోట కట్టినవాళ్లు ఆ కొండనే ఎందుకు ఎంచుకున్నారు? పైనుంచి చూస్తే వచ్చేవాడు ఆమడ దూరంలో ఉండగానే కనిపిస్తాడు. రేడియో మనిషి కొండను ఎంచుకునేదీ అందుకే. పోలీసులు, అటవీ శాఖ ఎక్కువగా వాడేది వీహెచ్ఎఫ్ తరంగాలు, అంటే సుమారు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ మధ్యవి. ఇవి దాదాపు చూపులాగే సాగుతాయి. ఎదురుగా కొండ వస్తే ఆగిపోతాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఏ అడ్డూ లేకపోయినా కొంత దూరం పోయాక నేల వంపే వాటికి అడ్డం వస్తుంది.

దీనికి చేతి లెక్క ఒకటుంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.12తో గుణిస్తే ఆ తరంగం చూపు ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. మనిషి భుజం దగ్గర, మీటరున్నర ఎత్తులో పట్టుకున్న వాకీటాకీకి వచ్చేది 5 కిలోమీటర్లే. అదే చుట్టుపక్కల నేల కంటే 400 మీటర్ల ఎత్తున్న కొండ కొమ్ము మీద యాంటెన్నా నిలబెడితే 82 కిలోమీటర్లు. వాటు పెంచితే దూరం పెరుగుతుందనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి. 5 వాట్ల సెట్టును 25 వాట్లు చేసినా కొండ వెనకున్నవాడికి వినపడదు. 5 వాట్ల సెట్టునే కొండ ఎక్కిస్తే ఉదయగిరి మాట పెన్న ఒడ్డున వినపడుతుంది.

రిపీటర్ పుట్టింది ఈ లెక్కలోంచే. కొండ మీద ఒక చిన్న గది, ఒక టవర్, ఒక సోలార్ పలక, నాలుగు బ్యాటరీలు. కింద లోయలో ఉన్న గార్డు ఒక ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడతాడు. రిపీటర్ ఆ మాట వింటుంది, వింటూనే అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీ మీద ఇంకా గట్టిగా నాలుగు దిక్కులా చెబుతుంది. వినడం, అరవడం ఒకే యాంటెన్నాతో, ఒకేసారి జరగాలంటే తన అరుపు తన చెవినే చెవిటి చేయకుండా చూసుకోవాలి. అందుకు డ్యూప్లెక్సర్ అనే లోహపు డబ్బాల వరుస ఉంటుంది. దాన్ని శ్రుతి చేయడం వచ్చిందంటే ఈ పనిలో మీరు ముందు వరుసలోకి వచ్చినట్టే. వీణకు బిరడాలు తిప్పినట్టే ఇక్కడ మరలు తిప్పాలి. పావు చుట్టు ఎక్కువైతే మొత్తం పాడవుతుంది.

ఫోన్ ఉండగా ఇదెందుకు?

అందరూ అడిగే ప్రశ్నే. ఫోన్లో ఒకరితో మాట్లాడతాం. సెట్టులో ఒక్క బటన్ నొక్కితే నలభై మంది ఒకేసారి వింటారు. నంబరు కొట్టక్కర్లేదు, ఎత్తుతారా లేదా అని ఎదురుచూడక్కర్లేదు. ఏఎస్ పేట దర్గా గంధమహోత్సవంలోనో, నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగలోనో జనం పోటెత్తినప్పుడు సెల్ టవర్ ఊపిరాడక నిలిచిపోతుంది. తప్పిపోయిన బిడ్డ ఎర్ర చొక్కా వేసుకుందన్న కబురు క్షణంలో అన్ని గేట్లకూ చేరేది సెట్టు మీదే.

వెలిగొండ అడవిలో గస్తీ తిరిగే ఫారెస్టు సిబ్బందికి పరిస్థితి మరీ కష్టం. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ వంటి ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాన్ని నరుక్కుపోయేవాళ్ల వెనక రాత్రిళ్లు లోయల్లో నడిచే గార్డుకు చేతిలోని సెట్టు పలకడం ఉద్యోగం కంటే పెద్ద విషయం, ప్రాణం విషయం.

ఇక తుపాన్లు, వరదలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. హైదరాబాద్ నుంచి హ్యామ్ రేడియో (జీతం కోసం కాక అభిరుచితో రేడియో నడిపేవాళ్ల) బృందం తన సెట్లతో అక్కడికి పోయింది. మన దగ్గర 2021 నవంబర్‌ను ఎవరు మర్చిపోగలరు? ఎగువన కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు కిందికి వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. అలాంటి రాత్రి గేటు దగ్గరున్నవాడి మాట దిగువ గ్రామంలో ఉన్నవాడికి నిమిషం ఆలస్యంగా చేరినా జరిగే నష్టం ఎంతో పెన్న ఒడ్డు వాళ్లకు చెప్పనవసరం లేదు. ఆ మాట చేరేలా చూసే టెక్నీషియన్ పేరు ఏ పేపర్లోనూ రాదు. రావాలని నా కోరిక.

మూత తీయకముందు

పని ఎలా నేర్చుకోవాలి? పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల ‘ఎలక్ట్రానిక్స్ మెకానిక్’ ట్రేడ్ ఉంది. పాలిటెక్నిక్‌లో మూడేళ్ల ఈసీఈ డిప్లొమా ఉంది. రెండూ మంచి పునాదులే. ఐటీఐ అయ్యాక హైదరాబాద్‌లో ఈసీఐఎల్, రక్షణ రంగంలో బీఈఎల్ వంటి ప్రభుత్వ సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టిన ఏఎస్ రావు 1967లో నిలబెట్టిన సంస్థ ఈసీఐఎల్. ఏడాది అక్కడ గడిపితే చేతికి క్రమశిక్షణ వస్తుంది.

అయితే కాలేజీ నేర్పని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటి దగ్గరే పనిమంతుడూ పట్టాదారూ వేరవుతారు.

బ్యాటరీని ఎప్పుడు కొలవాలి? ఊరికే ఉన్నప్పుడు మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తుంది, బాగానే ఉందనిపిస్తుంది. మైకు బటన్ నొక్కి ఉంచి కొలవండి. 25 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు ఐదారు ఆంపియర్లు లాగుతుంది. ముసలి బ్యాటరీ అయితే ఆ లాగుడుకు ముల్లు పదికి పడిపోతుంది. ‘వినపడుతోంది గానీ మాట పోవడం లేదు’ అని వచ్చే ఫిర్యాదుల వెనక తరచుగా ఉండేది ఇదే. వినడానికి బలం అక్కర్లేదు, పలకడానికే కావాలి.

యాంటెన్నా సంగతి కూడా అంతే. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2 మీటర్లు, అందులో పావు వంతు అర మీటరు. జీపు మీద ఊగే ఆ సన్నని కడ్డీ పొడవు అందుకే అంత ఉంటుంది. దాన్ని విరిగిందని ఏదో తీగతో అతికిస్తే శక్తి గాల్లోకి పోదు, వెనక్కి తిరిగి సెట్టులోకే వస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ పెట్టి చూడాలి. 25 వాట్లు పంపితే ఒక వాటు వెనక్కి వస్తోందంటే ఫర్వాలేదు. ఆరు వాట్లు వస్తోందంటే ఆ సెట్టు ఆయుష్షు తగ్గుతున్నట్టే. ఇప్పుడు అరచేతిలో పట్టే నానో వీఎన్ఏలు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి శ్రుతి అయి ఉందో గీత గీసి మరీ చూపిస్తాయి. మా తరం ముందువాళ్లు కలలో కూడా అనుకోని సుఖం ఇది.

ఎర్తింగ్ గురించి మెట్టవాళ్లకు నేను వేరే చెప్పాలా? బోరు వేస్తే రాయి తగిలే నేల. ఎండాకాలం గజం లోతు తవ్వినా తడి ఉండదు. తడి లేని నేల పిడుగును మింగదు, సెట్టు వైపు తోసేస్తుంది. అందుకే ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవి అంతా నీళ్లు పోయించాలి. డెల్టాలో పని నేర్చుకున్నవాడికి ఇది తట్టకపోవచ్చు. మీకు తడుతుంది.

కొండ మీది రిపీటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు సంచిలో ఏం ఉండాలో కూడా పుస్తకాల్లో ఉండదు. డిస్టిల్డ్ వాటర్, సోలార్ పలక తుడవడానికి గుడ్డ, నీళ్లు చొరబడని టేపు, తాడు, తాగడానికి నీళ్లు. కోతులు కేబుల్ కొరికి పెడతాయి. టవర్ మీద కందిరీగలు గూడు కడతాయి. నడుముకు సేఫ్టీ బెల్టు లేకుండా టవర్ ఎక్కమని ఎవరు చెప్పినా వినకండి, చెప్పింది ఎంత పెద్దవాళ్లయినా సరే. ఒక్కరే వెళ్లకండి. కింద ఒక మనిషి, చేతిలో పనిచేసే సెట్టు ఉండాలి.

ఇంకో అలవాటు. ఒక నోటు పుస్తకం. ఏ స్టేషన్లో ఏ తేదీన ఎన్ని వాట్లు పోయాయి, ఎన్ని తిరిగొచ్చాయి, బ్యాటరీ ఎంత చూపింది అని రాసుకోవాలి. రెండేళ్ల తర్వాత ఆ పుస్తకమే మీ గురువు. గత ఏడాది ఒక వాటు వెనక్కి వచ్చిన చోట ఇప్పుడు రెండు వస్తున్నాయంటే వానాకాలం రాకముందే కేబుల్ మార్చాలని అది చెబుతుంది.

పన్నెండేళ్లకే పరీక్ష

రేడియో పనిలోకి అన్నిటికంటే తొందరగా, అన్నిటికంటే చవగ్గా దారి తీసే తలుపు హ్యామ్ రేడియో. మన దేశంలో 12 ఏళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, సొంత కాల్‌సైన్‌తో గాల్లో మాట్లాడవచ్చు. కేంద్ర టెలికం శాఖ సరళ్ సంచార్ పోర్టల్లో దరఖాస్తు చేసుకోవాలి. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు రేడియో సూత్రాలు, నిబంధనలు చదివితే చాలు. జనరల్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ కూడా రావాలి. మొదటివారి కాల్‌సైన్లు వీయూ3తో, రెండోవారివి వీయూ2తో మొదలవుతాయి. రాజీవ్ గాంధీ కూడా హ్యామే, ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ.

తెలుగువాళ్లకు ఇందులో ఇంకో అనుకూలత ఉంది. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పనిచేస్తోంది. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ అనే మహిళ ఒక బృందంతో అండమాన్ వెళ్లారు. చాలా ఏళ్ల తర్వాత అక్కడ హ్యామ్ ప్రసారాలకు అనుమతి దొరకడంతో ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడటానికి వెళ్లిన యాత్ర అది. డిసెంబర్ 26 పొద్దున సునామీ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఫోన్లు ఆగిపోయాయి. సరదా యాత్రగా మొదలైంది కాస్తా సహాయ యాత్రగా మారింది. ద్వీపాల్లో ఉన్నవాళ్ల క్షేమసమాచారాలు ఆమె రేడియో మీదుగా ప్రధాన భూమికి చేరాయి. రేడియో మగవాళ్ల పని అనుకునే తల్లిదండ్రులు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

మన జిల్లాకు కూడా ఇందులో ఒక చరిత్ర ఉంది. ప్రపంచ హ్యామ్‌ల కోసమే ఇస్రో తయారుచేసిన హ్యామ్‌శాట్ ఉపగ్రహం 2005 మే 5న పీఎస్ఎల్‌వీ-సీ6 మీద శ్రీహరికోట నుంచే ఎగిరింది. శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే.

హ్యామ్‌కు జీతం రాదు, దాంతో వ్యాపారం చేయకూడదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, సొంతంగా ఒక యాంటెన్నా కోసి, కట్టి, మేడ మీద నిలబెట్టి, దాంతో నెల్లూరువాడితోనో తిరుపతివాడితోనో మాట్లాడిన పిల్లవాడు ఇంటర్వ్యూకు వెళితే, పుస్తకం బట్టీపట్టి వచ్చినవాడి కంటే ముందుంటాడు. అతనికి ఎస్‌డబ్ల్యూఆర్ అంటే నిర్వచనం కాదు, తన చేతికి తగిలిన వేడి.

చేయకూడని పని

ఆత్మకూరులో మీరు చిన్న సర్వీసు దుకాణం తెరిచారనుకోండి. వారం తిరక్కుండానే ఒకరు ఆన్‌లైన్లో కొన్న చైనా సెట్టు పట్టుకొస్తారు. ‘అన్నా, ఇందులో పోలీసోళ్ల మాటలు వినపడేట్టు చెయ్యన్నా’ అంటారు. చేయడం సాంకేతికంగా రెండు నిమిషాల పని. మీ భవిష్యత్తు ముగియడానికి కూడా ఆ రెండు నిమిషాలే చాలు.

గాలి అందరిదే గానీ గాల్లో ఫ్రీక్వెన్సీ ప్రభుత్వానిది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. ఫ్రీక్వెన్సీలు పంచేది టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం, అది 1952 నుంచీ ఉంది. ఒక కంపెనీ సొంత వైర్‌లెస్ పెట్టుకోవాలంటే ముందు అక్కడ ఫ్రీక్వెన్సీ కేటాయింపు, తర్వాత లైసెన్సు, ఏటా రాయల్టీ. లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2018లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు వదిలారు. అయితే బలం అర వాటు దాటకూడదు, ఆ సెట్టు నమూనాకు ప్రభుత్వ ఆమోదం ఉండాలి. పెళ్లి మండపానికో, చిన్న హోటల్‌కో ఇది సరిపోతుంది. అక్రమ వాకీటాకీల అమ్మకం ఎంత పెరిగిందంటే, 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులిచ్చి, ప్రత్యేకంగా మార్గదర్శకాలే జారీ చేయాల్సి వచ్చింది.

కాబట్టి దుకాణం పెట్టేవాళ్లు టంకం పెట్టడంతోపాటు ఈ నిబంధనలు కూడా కంఠతా పట్టాలి. కొనేవాడికి ఏ సెట్టు చట్టబద్ధమో, ఏది కాదో చెప్పగలిగినవాడి దగ్గరికే స్కూలు యాజమాన్యం, కాంట్రాక్టరు, ఆలయ కమిటీ మళ్లీ మళ్లీ వస్తాయి. దొంగ ఫ్రీక్వెన్సీ వేసిచ్చేవాడి దగ్గరికి ఏదో ఒకరోజు పోలీసులు వస్తారు. అడవిలో గస్తీ గార్డు సాయం కోసం పిలుస్తున్న క్షణంలో ఎవడో సరదాకు అదే ఫ్రీక్వెన్సీ మీద బటన్ నొక్కితే ఆ పిలుపు ఎవరికీ వినపడదు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఇది నేరమే కాదు, పాపం కూడా.

కొలువులెక్కడ

పోలీస్ నియామకాల్లో సివిల్, ఏఆర్‌లతోపాటు కమ్యూనికేషన్స్ విభాగానికి విడిగా పోస్టులు ఇస్తుంటారు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్లో ఐటీ అండ్ కమ్యూనికేషన్స్ ఎస్ఐ, కానిస్టేబుల్ పోస్టులు అలాగే వచ్చాయి. చాలామంది అభ్యర్థులు సివిల్ ఒక్కటే చూసి పేజీ తిప్పేస్తారు, అది పొరపాటు. చేరాక శిక్షణకు లోటు ఉండదు. రాష్ట్రాల పోలీస్ వైర్‌లెస్‌ను సమన్వయం చేయడానికి కేంద్ర హోంశాఖ కింద 1946 నుంచీ ఒక డైరెక్టరేట్ ఉంది, దానికి సొంత రేడియో శిక్షణ సంస్థ కూడా ఉంది.

రైల్వే ఇంకో పెద్ద దారి. లోకో పైలట్‌కూ, వెనకున్న ట్రైన్ మేనేజర్‌కూ, స్టేషన్ మాస్టర్‌కూ మధ్య మాట నడిచేది వాకీటాకీల మీదే. సిగ్నల్ టెక్నీషియన్ పోస్టులు రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు వేస్తాయి. సికింద్రాబాద్ తార్నాకలోని ఇరిసెట్ 1957 నుంచి సిగ్నల్, టెలికం సిబ్బందికి పాఠాలు చెబుతోంది. మన మెట్టకు ఇది దూరపు ముచ్చట కాదు. 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి లైను ఆత్మకూరు మీదుగానే వస్తోంది. 2019లో మొదలైన ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను వెలిగొండల కింద ఆరు కిలోమీటర్లకు పైబడిన సొరంగంలోంచి పోతుంది. సొరంగంలోకి రేడియో తరంగం దానంతటది చొరబడదు. అలాంటి చోట్ల, గనుల్లో, పొడవునా చిల్లులున్న కేబుల్ పరిచి, అందులోంచి తరంగాన్ని కొద్దికొద్దిగా కారనిస్తారు. తోటకు డ్రిప్ పైపు వేసినట్టన్నమాట. ఆ పని తెలిసినవాళ్లు ఎప్పుడూ తక్కువే.

కృష్ణపట్నం రేవులో క్రేన్ మీదివాడికీ కిందివాడికీ మధ్య మాట తెగితే బరువు ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. సముద్రంలో ఓడలన్నీ చెవి ఒగ్గి ఉంచేది 156.8 మెగాహెర్ట్జ్ మీద, దాన్ని చానల్ 16 అంటారు. సైన్యంలో 1911లో ఏర్పడిన కోర్ ఆఫ్ సిగ్నల్స్ ఉంది. జబల్‌పూర్‌లో, గోవాలో శిక్షణ కేంద్రాలున్నాయి. అక్కడ పని నేర్చుకుని వచ్చినవాళ్లకు బయట విలువ ఎక్కువ.

ఇప్పుడు సెట్లు డిజిటల్ అవుతున్నాయి. ఐరోపా ప్రమాణంగా 2005లో వచ్చిన డీఎంఆర్‌లో, ఒకప్పుడు ఒకే సంభాషణ పట్టిన 12.5 కిలోహెర్ట్జ్ ఇరుకులో రెండు సంభాషణలు నడుస్తాయి. ల్యాప్‌టాప్ లేకుండా ఆ సెట్టు ముట్టుకోలేం. నెట్‌వర్కింగ్, ఐపీ అడ్రసులు నేర్చుకోక తప్పదు. అలాగని పాత పాఠం చెల్లిపోలేదు. డిజిటల్‌లో గరగర ముందుగా వినిపించి హెచ్చరించదు. మాట బాగానే వస్తూ వస్తూ ఒక్కసారిగా తెగిపోతుంది. అందువల్ల కేబుల్, యాంటెన్నా, బ్యాటరీ మరింత శుభ్రంగా ఉండాలి. మేడ ఎక్కి చిలుము గోకే చేయి కావాల్సిందే.

మొదటి ఏడాది నిచ్చెన మోస్తారు, కేబుల్ లాగుతారు. అది చిన్నతనం అనుకోకండి. రెండో ఏడాదికి సెట్లు ప్రోగ్రామ్ చేస్తారు. నాలుగైదేళ్లకు రిపీటర్ శ్రుతి చేస్తారు. ఆ తర్వాత ఏ కొండ మీద టవర్ పెడితే ఏ లోయ వినపడుతుందో మ్యాపు మీద గీసి చెప్పే స్థాయికి వస్తారు. ఆ స్థాయిలో వెలిగొండల్లో మేకలు కాసిన కుర్రాడి జ్ఞాపకం ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తో పోటీ పడుతుంది. ఏ మలుపు దగ్గర ఘటిక సిద్ధేశ్వరం గుట్ట అడ్డం వస్తుందో, ఎక్కడ నిలబడితే సోమశిల నీళ్లు కనపడతాయో అతనికి తెలుసు. నీళ్లు కనపడితే తరంగం చేరుతుంది.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లోని కాలేజీల ప్రిన్సిపాళ్లకు, హెడ్మాస్టర్లకు నాదొక విన్నపం. ఈ విద్యాసంవత్సరం మీ మేడ మీద ఒక్క యాంటెన్నా నిలబెట్టండి, ఒక హ్యామ్ క్లబ్ మొదలుపెట్టండి. పది మంది పిల్లల చేత, అందులో సగం మంది ఆడపిల్లల చేత, ఆ లైసెన్సు పరీక్ష రాయించండి. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీ వాళ్ల కోసమే ఖాళీగా ఉంది. కొండ ఎలాగూ ఎదురుగానే ఉంది.